బొటనవేలు చదవదు

పిస్టల్లో వేయాల్సిన తూటా కాకుండా ఇంకోటి వేసి పేల్చాడని ఎవరి గురించైనా వినగానే మన నోట వచ్చే మొదటి మాట "కళ్ళెక్కడ పెట్టుకున్నాడు?" ఆ మాటకి కాస్త చదువు తోడైతే "శిక్షణ లోపం" అవుతుంది. కాస్త చట్టం తోడైతే "నిర్లక్ష్యం" అవుతుంది. సారం ఒక్కటే. బ్యారెల్ మీద కొలత చెక్కి ఉంది, తూటా అడుగున ముద్ర ఉంది, అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో ఉంది. ఇన్నిచోట్ల రాసిపెట్టినా చూసుకోనివాడు తుపాకీ పట్టడమే తప్పు అంటారు. షూటింగ్ రేంజిల్లో పెద్దలూ, పోలీసు శిక్షకులూ, టీవీ చర్చల్లో కూర్చునే విశ్రాంత అధికారులూ ఇంకే విషయంలోనూ ఒక మాట మీద ఉండరు గానీ, ఇక్కడ మాత్రం అందరిదీ ఒకే పాట.

ఆ పాట తప్పని నా వాదన. చూసుకోకపోవడం మంచిదని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ కూడని తూటా చాంబర్లోకి వెళ్ళిందంటే ఆ కంత దాన్ని రానిచ్చింది. రానిచ్చే కంతని చేసినవాళ్ళు, ఒకే పేరుని నాలుగు తూటాలకి తగిలించినవాళ్ళు, రెండు రకాల పెట్టెల్ని ఒకే బీరువాలో పెట్టినవాళ్ళు, అందరూ పేల్చినవాడి వెనక నక్కి కూర్చున్నారు. వాడొక్కణ్ణీ తిట్టి మనం ఇంటికి పోతున్నాం.

పిస్టళ్ళు వాడేవాళ్ళందరికీ తెలిసిన పొరపాటుతో మొదలుపెడతాను. 1990లో స్మిత్ అండ్ వెస్సన్, వించెస్టర్ కంపెనీలు కలిసి .40 తూటాని బజారులోకి తెచ్చాయి. దాని గొప్పంతా ఎక్కడుందంటే, 9 ఎంఎం పిస్టల్ సైజులోనే ఇమిడిపోవడంలో. కొత్త తూటా కోసం కొత్త పెద్ద పిస్టల్ అక్కర్లేదు. అలాగే అమ్మారు కూడా. గ్లాక్ 17 లో 9 ఎంఎం తూటా పడుతుంది, గ్లాక్ 22 లో .40 పడుతుంది, రెండూ పక్కపక్కన పెడితే పైనున్న అంకెలు చదివితే తప్ప ఏది ఏదో చెప్పడం కష్టం. ఇద్దరు స్నేహితులు ఒకే రోజు రేంజికి వెళ్ళారనుకోండి, ఒకడి దగ్గర ఇది, ఇంకొకడి దగ్గర అది. బల్ల ఒకటే. గంట గడిచేసరికి పెట్టెల మూతలు ఊడి, తూటాలు బల్ల మీద దొర్లుతుంటాయి. మ్యాగజైన్ నింపడం చూస్తూ చేసే పని కాదు. కళ్ళు ఎదురుగా వేలాడే కాగితం మీదో, కబుర్లు చెబుతున్న స్నేహితుడి మీదో ఉంటాయి. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతాయి. బొటనవేలు ఒక్కో తూటానీ లోపలికి నొక్కుకుంటూ పోతుంది. బొటనవేలు చదవదు.

.40 మ్యాగజైన్లో 9 ఎంఎం తూటా కాస్త వదులుగా కూర్చుంటుంది. స్లైడు దాన్ని చాంబర్లోకి తోస్తుంది. లెక్క ప్రకారం చాంబర్ చివరనున్న చిన్న మెట్టు ఇత్తడి తొడుగు మూతిని ఆపాలి. ఇది సన్నం కనుక మెట్టుకి ఆనదు. కానీ పేలిపోయిన తొడుగుని బయటికి లాగడానికి పెట్టిన కొక్కెం ఒకటుంది, అది తూటా అంచుని పట్టుకుని ఆపుతుంది. వేరే పనికి పెట్టుకున్న మనిషి అడక్కుండానే దొంగకి నిచ్చెన పట్టినట్టు! పిన్ను తగులుతుంది, పేలుతుంది. చుట్టూ గోడ ఆనని తొడుగు ఉబ్బి చీలుతుంది. గుండు తనకంటే మిల్లీమీటరు వెడల్పైన గొట్టంలో అటూ ఇటూ కొట్టుకుంటూ పోయి ఎక్కడో తగులుతుంది. చాలాసార్లు ఎవరికీ ఏమీ కాదు. కిందపడ్డ తొడుగు పొట్ట ఉబ్బి ఉండటం చూసి నలుగురూ నవ్వుతారు. ఆ నవ్వులోనే తీర్పు కూడా అయిపోతుంది.

ఇప్పుడు తిరగేసి చూడండి. .40 తూటాని 9 ఎంఎం పిస్టల్లో పెట్టండి. పట్టదు. ఎంత మతిమరుపు మనిషైనా, రాత్రంతా నిద్రలేనివాడైనా దాన్ని పేల్చలేడు. అదే మనిషి, అదే బల్ల, అదే పరాకు. ఒకవైపు పొరపాటు పేలింది, రెండోవైపు పేలలేదు. తప్పంతా మనిషి కళ్ళలోనే ఉంటే ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

మా బావమరిది డీజిల్ కారులో ఒకసారి బంకు కుర్రాడు పెట్రోలు కొట్టేశాడు. అరగంట సేపు ఆ కుర్రాణ్ణి అందరూ తిట్టారు. నేనూ నా వంతు తిట్టాను. మెకానిక్ వచ్చి ట్యాంకు దింపుతూ మామూలుగా అన్న మాట మాత్రం మనసులో ఉండిపోయింది: డీజిల్ కొట్టే గొట్టం మూతి లావు, పెట్రోలు బండి మెడలో దూరదు సార్, పెట్రోలు గొట్టం సన్నం, డీజిల్ ట్యాంకులో హాయిగా దిగిపోతుంది. నాకు వచ్చే కేసులన్నీ ఇటువైపువే. అంతమందిమి తిట్టినా ఆ గొట్టం మూతి మాత్రం లావెక్కలేదు.

ఇక పేర్ల సంగతి. "చదువుకుని వేసుకో" అనేవాళ్ళు ఒక్కసారి ఆ చదవాల్సిందేమిటో చూడాలి. .38 స్పెషల్ తూటాలో గుండు అంగుళంలో నూటికి 38 వంతులు ఉండదు, .357 అంగుళం ఉంటుంది. .38 అన్నది ఎప్పుడో పాతకాలపు కొలత నుంచి మిగిలిపోయిన పేరు. .38 స్మిత్ అండ్ వెస్సన్ అని మరొకటుంది, అది వేరే తూటా, గుండు కూడా కాస్త లావు. .38 సూపర్ అని ఇంకొకటి, అది పిస్టల్ కోసం చేసింది. .380 అంటే ఈ మూడింటికీ చుట్టం కాదు. అది 9 ఎంఎం తూటాకి పొట్టి తమ్ముడు. యూరప్‌లో దాన్ని 9 ఎంఎం కుర్జ్ అంటారు, కుర్జ్ అంటే జర్మన్ భాషలో పొట్టి. ఇటలీవాళ్ళు అదే అర్థంలో కోర్తో అంటారు. మరి సిసలైన 9 ఎంఎం ఏది? లూగర్ అన్నా, పారాబెల్లం అన్నా, 9×19 అన్నా ఒకటే. సోవియట్‌వాళ్ళ మకరోవ్ పిస్టల్‌దీ 9 ఎంఎమ్మే, కానీ దాని గుండు 9.27 మిల్లీమీటర్లు. బ్యారెల్ లోపలి గాడుల్ని ఎక్కణ్ణుంచి కొలవాలన్న దాంట్లో వాళ్ళ పద్ధతి వేరు.

ఒకే వీధిలో నలుగురు సుబ్బారావులున్నారు. ఒకరికి ఇంటిపేరు రాయరు, ఇంకొకరికి డోర్ నంబరు లేదు, మూడో ఆయన్ని అత్తవారి ఊళ్ళో వేరే పేరుతో పిలుస్తారు. ఉత్తరం తప్పు గడపలో పడితే పోస్ట్‌మ్యాన్‌కి చదువు రాదంటామా?

చదివినా దిక్కులేని కేసు ఒకటి చెబుతాను. బ్రిటిష్ సైన్యం వాడిన .455 వెబ్లీ రివాల్వర్లు రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా బజారులోకి మిగులు సరుకుగా వెళ్ళాయి. .455 తూటాలు అక్కడ దొరకవు. అందుకని అమ్మేవాళ్ళు వాటి సిలిండర్ వెనక భాగం కాస్త అరగదీసి, అమెరికాలో ఏ కొట్లోనైనా దొరికే .45 పిస్టల్ తూటా పట్టేలా మార్చారు. కొన్నవాడు ఏం చేస్తాడు? అమ్మినవాడు చెప్పిన తూటాయే కొంటాడు, పెట్టె చదువుతాడు, సరిచూసుకుంటాడు, వేస్తాడు. అన్ని సూత్రాలూ పాటించాడు. కానీ .45 తూటాకి మామూలుగా ఉండే ఒత్తిడి 21,000 పీఎస్ఐ దాకా వెళుతుంది, వెబ్లీని తయారుచేసినప్పుడు లెక్కేసుకున్నది అందులో మూడింట రెండొంతులు కూడా లేదు. అమ్మకం రోజునే తప్పు జరిగిపోయింది. ఆ రివాల్వర్ సిలిండర్ పగిలిన రోజు "జాగ్రత్తగా ఉండాలి కదా" అనేవాణ్ణి నేను ఒకటే అడుగుతాను: ఇంకా ఎంత జాగ్రత్తగా?

ఇంతవరకూ చెప్పినవాటిలో పాడైంది లోహమే కదా అనుకునేవాళ్ళ కోసం ఫ్లోరిడా సంగతి. 2016 ఆగస్టు 9న పుంటా గోర్డా అనే చిన్న ఊళ్ళో పోలీసులు పౌరుల కోసం ఒక అవగాహన తరగతి పెట్టారు. ముప్ఫై అయిదు మంది దాకా వచ్చారు. కాల్చాలా వద్దా అన్న నిర్ణయం పోలీసు ఎంత తక్కువ సమయంలో తీసుకోవాల్సి వస్తుందో చూపించడానికి ఒక చిన్న నాటకం. వచ్చినవాళ్ళలో 73 ఏళ్ళ విశ్రాంత లైబ్రేరియన్ ఒకామె పోలీసు పాత్రకి నిలబడింది. ఒక అధికారి దుండగుడి పాత్ర వేశాడు. అతని చేతిలో .38 రివాల్వర్, అందులో బ్లాంకులు, అంటే గుండు లేకుండా చప్పుడు మాత్రమే చేసేవి, ఉన్నాయని అందరి నమ్మకం. ఆ రివాల్వర్‌కి తమ దగ్గర ఉన్నవి బ్లాంకులేనని పోలీసు శాఖే అనుకుంది. పేల్చాడు. ఆమె చనిపోయింది. నిజం గుండు తగిలిందని తెలిసేదాకా చూస్తున్నవాళ్ళలో కొందరికి అది నాటకంలో భాగమే.

ఆ సిలిండర్లో ఉన్నవి వాడ్‌కట్టర్ తూటాలు. ఈ పేరు తెలియనివాళ్ళకి అసలు కిటుకు అందదు. మామూలు తూటాకి ఇత్తడి తొడుగు పైన గుండు ముక్కులా పొడుచుకొచ్చి కనిపిస్తుంది. వాడ్‌కట్టర్‌కి ముక్కు లేదు. గుండు మొత్తం తొడుగు లోపలికి దిగి, పైభాగం చదునుగా మూతితో సమంగా ఉంటుంది. కాగితం లక్ష్యానికి చింపినట్టు కాకుండా పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు గుండ్రటి రంధ్రం పడాలని, పాయింట్లు లెక్కపెట్టేటప్పుడు తగువు రాకూడదని అలా చేస్తారు. పోటీ కోసం పుట్టిన తూటా అది. మన షూటర్లు ఆడే 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీల్లోనూ .32 వాడ్‌కట్టర్లే ఎక్కువ. ఇప్పుడు ఒక బ్లాంకుని ఊహించుకోండి: దానికీ ముక్కు ఉండదు, మూతి మూసుకుని ఉంటుంది. ముక్కుంటే అసలుది, లేకపోతే ఉత్తది అని కంటికి అలవాటైన ఒకే ఒక్క గుర్తుని ఈ తూటా చెరిపేసింది. అధికారి చూడలేదని ఎందుకంటాం? చూసే ఉంటాడు. చూస్తే కనిపించేది కూడా అదే.

ఆ అధికారి మీద మానవహత్య కేసు పెట్టారు. 2019లో అతను అభియోగాన్ని ఎదిరించనని కోర్టుకి చెప్పాడు, పదేళ్ళ ప్రొబేషన్ పడింది. పోలీస్ చీఫ్ మీద పెట్టిన కేసులో జూరీ 2017లోనే నిర్దోషి అని తేల్చింది. నగరపాలక సంస్థ ఆమె కుటుంబానికి ఇరవై లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇచ్చింది. ట్రిగ్గర్ నొక్కిన వేలికి శిక్ష పడింది. పోటీ తూటానీ, నాటకం తూటానీ ఒకే చేతికి అందే చోట ఉండనిచ్చిన పద్ధతికి మాత్రం బోను ఎక్కే అవసరం రాలేదు, ఎందుకంటే పద్ధతికి వేలు లేదు.

సినిమా సెట్ల కథ కూడా ఇదే, పేర్లు పెద్దవి కనుక అందరికీ తెలుసు. 1993లో 'ది క్రో' షూటింగులో బ్రాండన్ లీ చనిపోయింది అరకొరగా తయారుచేసిన డమ్మీ, అంటే పేలకుండా చూపించడానికి మాత్రమే పెట్టే తూటా, వల్ల. అసలు తూటాలోంచి మందు తీసేశారు, మందుని అంటించే ప్రైమర్‌ని వదిలేశారు. ఆ ప్రైమర్ పేలి గుండుని బ్యారెల్ మధ్య దాకా నెట్టి వదిలేసింది. తర్వాత వేసిన బ్లాంకు దాన్ని బయటికి తన్నింది. 2021 అక్టోబరు 21న న్యూ మెక్సికోలో 'రస్ట్' సెట్ మీద ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ ప్రాణం తీసింది డమ్మీల మధ్య కలిసిన అసలు తూటా. రివాల్వర్ సిలిండర్ ముందు నుంచి కెమెరాకి గుండ్లు కనబడాలి కనుక, డమ్మీ అంటేనే అసలుదానిలా కనిపించేలా పనిగట్టుకుని చేసిన వస్తువు. ఊపితే లోపల చిన్న ఇనుప గోళీ గలగలమంటే డమ్మీ. ఆ గలగల వినడమే అక్కడి ఆఖరి కాపలా. ఆయుధాల బాధ్యురాలికి 2024లో పద్దెనిమిది నెలల జైలు పడింది. అది అన్యాయమని నేననను. సెట్ మీద అసలు తూటా ఒక్కటి కూడా ఉండకూడదు, అక్కడ ఆరు దొరికాయి. కానీ రాష్ట్ర కార్మిక భద్రతా శాఖ అంతకు రెండేళ్ళ ముందే నిర్మాణ సంస్థకి 1,36,793 డాలర్ల జరిమానా వేసిందన్న సంగతి ఎంతమందికి గుర్తుంది?

నా మీద వచ్చే గట్టి అభ్యంతరం నాకు తెలుసు. "ప్రతి తుపాకీనీ నిండుగా ఉన్నట్టే చూడు, చంపాలనుకోనిదాని వైపు మూతి తిప్పకు అన్న రెండు సూత్రాలు పాటిస్తే ఫ్లోరిడాలో ఆవిడ బతికేది, న్యూ మెక్సికోలో ఈవిడ బతికేది." నిజమే, బతికేవారు. ఈ సూత్రాల్ని నేను తీసిపారేయను. కానీ ఆ తరగతిలో నాటకం రాసినవాళ్ళే మూతి మనిషి వైపు తిప్పమన్నారు. సినిమాలో దర్శకుడే కెమెరా వైపు చూపించమంటాడు. సూత్రాన్ని పక్కన పెట్టడమే పనిగా ఉన్న చోట సూత్రం గుర్తుచేసి ప్రయోజనం లేదు. ఇక రేంజిలో బల్ల దగ్గర సంగతికొస్తే, మూతి కాగితం వైపే ఉంది, వేలు నియమం ప్రకారమే కదిలింది, అయినా తొడుగు చీలింది.

అసలు ఈ సమస్యని నిజంగా తగ్గించినవాళ్ళు ఎవరు? నీతులు చెప్పినవాళ్ళు కాదు, ఇత్తడిని కోసినవాళ్ళు. 1935లో .357 మాగ్నమ్ తెచ్చినప్పుడు దాని గుండు .38 స్పెషల్‌దే, లావూ అదే. బలం మాత్రం చాలా ఎక్కువ. పాత .38 రివాల్వర్లు జనం ఇళ్ళల్లో లక్షల్లో ఉన్నాయి, వాటిలో ఇది పేలితే ప్రమాదం. వాళ్ళు గోడ మీద హెచ్చరిక రాసి ఊరుకోలేదు. తొడుగుని ఎనిమిదో వంతు అంగుళం పొడుగు చేశారు. పాత సిలిండర్లో పెడితే చివర బయటికి పొడుచుకొచ్చి సిలిండర్ మూసుకోదు. బలహీనమైన తూటా బలమైన రివాల్వర్లో పేలితే నష్టం లేదు, అది పడుతుంది; బలమైనది బలహీనమైనదాంట్లో పడదు. మూడు మిల్లీమీటర్ల ఇత్తడి తొంభై ఏళ్ళుగా అలసిపోకుండా, ఆవలించకుండా కాపలా కాస్తోంది. 12 బోర్ తుపాకులున్నవాళ్ళకి ఇంకో ఉదాహరణ తెలిసే ఉంటుంది. 20 బోర్ తూటా పొరపాటున 12 బోర్ గొట్టంలో పడితే ముందుకు జారి ఇరుక్కుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంటుంది, పేలదు. లోపల ఏమీ లేదనుకుని వెనక 12 బోర్ తూటా వేస్తే గొట్టం చేతుల్లోనే పగులుతుంది. అందుకే అమెరికా తయారీదారులు పసుపు రంగుని 20 బోర్‌కి కేటాయించారు.

నాకు ఇష్టమైన కథ మాత్రం 1916 నాటిది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యానికి లూగర్ పిస్టళ్ళు చాలక, మౌజర్ కంపెనీ వాళ్ళ సీ96 పిస్టల్‌ని లక్షా యాభై వేలు ఆర్డరిచ్చారు. ఆ పిస్టల్ అసలు 7.63 ఎంఎం తూటాకి పుట్టింది. సైన్యంలో ఉన్నది 9 ఎంఎం. అందుకని బ్యారెల్ మార్చి 9 ఎంఎంకి చేయించారు. పైకి చూస్తే రెండూ ఒకటే. క్రమశిక్షణకి పేరుమోసిన ప్రష్యన్ సైన్యం, సిపాయి బూటు మెరుపు తగ్గితే శిక్ష వేసే సైన్యం, ఈ ఒక్క విషయంలో సిపాయి జాగ్రత్తని నమ్ముకోలేదు. పిడి చెక్క మీద రెండువైపులా పెద్ద 9 అంకె చెక్కించి అందులో ఎర్రరంగు నింపించింది. పాత వస్తువులు పోగుచేసేవాళ్ళు ఇవాళ్టికీ ఆ పిస్టల్‌ని 'ఎర్ర తొమ్మిది' అనే పిలుస్తారు.

మన సంగతికొస్తే, ఇక్కడ లైసెన్సు మాటలన్నీ బోర్ లెక్కన నడుస్తాయి. నిషిద్ధ బోర్, నిషిద్ధం కాని బోర్. 9 ఎంఎం, .38 పిస్టళ్ళు, రివాల్వర్లు మామూలు జనానికి దొరకవు కనుక, చేతి తుపాకీ అంటే మనవాళ్ళకి ఎక్కువగా ".32". ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు ఆ పేరుతో రివాల్వరూ చేస్తాయి, పిస్టలూ చేస్తాయి. కాన్పూరు రివాల్వర్‌లో పడేది .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్. తొడుగు 23 మిల్లీమీటర్లు. పిస్టల్‌లో పడేది .32 ఏసీపీ, తొడుగు 17 మిల్లీమీటర్లు. మిల్లీమీటర్లలో చెప్పుకున్నా రెండింటినీ 7.65 అనే అంటారు. పొట్టిదే కదా, బలహీనమైనదేమో అనుకుంటే పొరపాటు. అమెరికా ప్రమాణాల్లో లాంగ్‌కి 15,000 పీఎస్ఐ, పొట్టి పిస్టల్ తూటాకి 20,500. పైగా ఆ పొట్టిదానికి అడుగున చిన్న అంచు ఉంది కనుక చాలా .32 రివాల్వర్ల సిలిండర్లో ఆగి కూర్చుంటుంది. ఇక్కడ ఇత్తడి ఎవర్నీ ఆపదు. బలమైనది బలహీనమైనదాంట్లో నిక్షేపంగా దిగుతుంది.

".32 రౌండ్లు ఇవ్వండి" అని అడిగితే "ఏ .32 అండీ, రివాల్వరా పిస్టలా?" అని తిరిగి అడిగే దుకాణదారులు మన ఊళ్ళలో ఉన్నారు. ఇప్పటిదాకా కాపాడుతున్నది ఆ ప్రశ్నే. ఆయన భోజనానికి వెళ్ళిన వేళ కౌంటర్లో ఎవరో ఒక కుర్రాడు కూర్చుంటాడు. ఏదైనా జరిగితే తిట్టడానికి మళ్ళీ ఒక కుర్రాడు దొరుకుతాడు.